సారు చెవి

ఆయన కుడి అరచెయ్యి పైకి లేచిందంటే పాట అయిపోయినట్టే. పల్లవి సగంలో ఉన్నా, పాడే పిల్లవాడు కళ్ళు మూసుకుని మైమరచిపోయి ఉన్నా, గుమ్మం దగ్గర నిలబడిన తల్లి పెదవులు కదుపుతూ వాడికి తోడు పాడుతున్నా ఆయనకు పట్టేది కాదు. చెయ్యి లేచేది, "చాలు నాయనా" అనేవారు, పాట ఆగిపోయేది. కొందరు పిల్లలకు ఆ చెయ్యి అర్థం కాక ఇంకో ముక్క పాడేవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళు ఆగేదాకా చెయ్యి దించకుండా అలాగే పట్టుకుని కూర్చునేవారు.

పోయిన నెలలో సారు పోయారు. కబురు మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పడింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. బెంగళూరులో ఉండే ఒక అబ్బాయి, చిన్నప్పుడు ఆ చెయ్యి చూసి తనకు జ్వరం వచ్చిందని రాశాడు. అలాంటి చెవి మళ్ళీ పుట్టదని ఇంకొకరు రాస్తే అందరూ అవునన్నారు. ఆ చెవి సంగతి వాళ్ళకన్నా నాకు ఎక్కువ తెలుసు. అందుకే ఏమీ రాయకుండా ఫోన్ పక్కన పెట్టేశాను.

మా బడి కడపలో ఉంది. సంగీతం వచ్చే పిల్లల కోసం పెట్టిన బడి. ఆరో తరగతిలో చేరితే పదో తరగతి దాకా అక్కడే ఉండాలి. పొద్దున లెక్కలూ సైన్సూ, మధ్యాహ్నం నుంచి పాటా వాయిద్యమూ. తిండీ హాస్టలూ ఉచితం కాబట్టి సీటు కోసం వచ్చేవాళ్ళలో సగం మందికి సంగీతం మీద కన్నా ఆ రెండింటి మీదే ఆశ ఉండేది. అందులో తప్పేముందని సారు కూడా అనేవారు. ఆయన గాత్రం మాస్టారు, నేను వయొలిన్ టీచర్ని. ఏటా ఎండలు ముదరకముందే ఇద్దరం ఒక అద్దె జీపు ఎక్కి కడప, కర్నూలు తట్టు ఊళ్ళు తిరిగి, ఐదో తరగతి పిల్లల్ని విని, ఎవరిని తీసుకోవాలో తేల్చేవాళ్ళం. తేల్చేది ఆయనే. శృతి పెట్టె మోయడం, పిల్లలకు నీళ్ళివ్వడం, చెయ్యి లేచాక తల్లులకు సర్దిచెప్పడం నా పని. కాగితం మీద మాత్రం నేనూ పరీక్షాధికారినే.

ఆ తిరుగుళ్ళలో ఆయన తన చెవిని పసిబిడ్డను సాకినట్టు సాకేవారు. ఆయనకు బొరుగులంటే ప్రాణం. సంచీలో ఎప్పుడూ ఉండేవి. కానీ పిల్లల్ని వినే రోజు సాయంత్రం దాకా వాటిని ముట్టేవారు కాదు. నమిలే చప్పుడు చెవిలో నిలబడిపోతుందట. పెరుగన్నమో, సంకటో, చప్పుడు చెయ్యనిది ఏదో ఒకటి తినేవారు. కుర్చీలో కూర్చునేవారు కాదు, అది కిర్రుమంటుంది. ఏ బడికి వెళ్ళినా ముందు ఫ్యాన్లు ఆపించేవారు. రాయచోటిలో ఒకసారి గోడలు కాగిపోతుంటే హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ, ఫ్యాన్ మీకేం అడ్డమొచ్చింది సార్ అని అడిగాడు.

"అదీ పాడతాంది గదప్పా. దాన్ని గూడా బడిలో చేర్చుకోమంటావా?" అన్నారు సారు.

బద్వేలులో ఒక లాడ్జీ గది దిగిన గంటకే ఖాళీ చేయించారు. కింద నీళ్ళ మోటారు ఏదో రెండు స్వరాల మధ్య ఇరుక్కుని మోగుతోందని, దాన్ని అటన్నా ఇటన్నా నెట్టాలనిపించి ప్రాణం కొట్టుకుంటోందని ఆయన బాధ. నాకు మోటారు మోటారులాగే వినిపించింది. మాకు ఇంకో లాడ్జీ దొరికేసరికి ఊళ్ళో హోటళ్ళన్నీ మూసేశారు. ఆ రోజు ఇద్దరం ఆయన బొరుగులే తిన్నాం.

బడిలో పిల్లలకు ఆయన చెవి ఒక ఆట. ఆయన వరండాలో నడుస్తుంటే ఎవడో ఒకడు స్టీలు గ్లాసు మీద స్పూనుతో కొట్టేవాడు. ఆయన ఆగకుండా, తల తిప్పకుండా అది ఏ స్వరమో చెప్పి వెళ్ళిపోయేవారు. వంటింట్లో కుక్కర్ కూతా అంతే, రోడ్డు మీద బస్సు హారనూ అంతే. ఒక్కోసారి పిల్లలు పరుగెత్తుకొచ్చి నా వయొలిన్ మీద సరిచూసుకునేవాళ్ళు. ఎప్పుడూ తప్పు పోలేదు.

ఇంత చెప్పాను గానీ ఆయన పాడగా విన్నవాళ్ళు తక్కువ. గొంతు మారే వయసులో ఊరూరా తిప్పి కచేరీలు చేయించారట. ఆ దెబ్బకు గొంతు పోయింది. మిగిలిన గరగర గొంతుతో పాఠం చెప్పేవారు తప్ప సభ ఎక్కలేదు. శాలువాలు లేవు, బిరుదులు లేవు, గోడ మీద ఫోటోలు లేవు. రెండు జిల్లాల్లో ఆయనకు ఉన్న గౌరవమంతా ఆ చెవి వల్ల వచ్చిందే. అది పోతే నేను ఎవరికీ పనికిరానమ్మా అని ఒకసారి నాతో అన్నారు. నవ్వుతూ అన్న మాట కాదది.

ఇక పరీక్ష. టీవీ పోటీలు చూసి పిల్లలకు పాటలు బట్టీ పట్టించి తెచ్చేవాళ్ళంటే ఆయనకు చిరాకు. రాయచోటిలోనే ఒక పెద్దమనిషి కొడుకుని కీబోర్డుతో సహా తీసుకొచ్చాడు. చెయ్యి లేచింది. పెద్దమనిషి మొహం ఎర్రబడింది. మీవాడు బాగా పాడుతున్నాడు కాబట్టి వాడికి మా అవసరం లేదని చెప్పి పంపారు సారు. ఆ పెద్దమనిషి వెంటనే బయటికెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆ ఫోన్ల వల్ల ఏమీ కాలేదు. పిల్లవాడు మాత్రం వెళ్తూ వెళ్తూ ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు.

పాట ఆపించాక, ఇంట్లో ఏమున్నాయి, బర్రెలా మేకలా అని అడిగేవారు. ఏదుంటే దాన్ని పిలవమనేవారు. కొందరు సిగ్గుపడి గొణిగేవాళ్ళు, కొందరు కిటికీ బయట పిల్లలంతా పగలబడి నవ్వేలా అరిచేవాళ్ళు. పాట ఎవరైనా నేర్పి ఉంటారు గానీ పిలుపు ఎవరూ నేర్పరని ఆయన లెక్క. ఎడమ కన్ను మూసుకుని ఆ పిలుపు చివర ఎక్కడ ఆగిందో వినేవారు.

ఆ తర్వాత అసలు పరీక్ష. దాన్ని ఆయన ఇల్లు చేరడం అనేవారు. శృతి పెట్టె మోగించి, దానితో కలిపి స అనమనేవారు. పాటంతా ఆనుకుని నిలబడే స్వరం అదే. పిల్ల గొంతు దానితో కలవగానే పెట్టె ఆపేసి కబుర్లలో పెట్టేవారు. పొద్దున ఏం తిన్నావు, మీ ఊళ్ళో వానలు పడ్డాయా, మీ తమ్ముడు నిన్ను కొడతాడా, నువ్వు వాణ్ణి కొడతావా. అలా చాలాసేపు ఆడించి, పిల్ల పరీక్ష సంగతి మరిచిపోయిందనుకున్నప్పుడు ఉన్నట్టుండి ఆ స మళ్ళీ అనమనేవారు. అన్నాక పెట్టె మోగించేవారు. పిల్ల గొంతు, పెట్టె ఒకే చోట ఉంటే ఇల్లు చేరినట్టు. లేకపోతే చెయ్యి మళ్ళీ లేచేది, ఇక సీటు లేనట్టే. అలా చేరేవాళ్ళు చాలా అరుదు. చేరినవాళ్ళ గొంతు బాగోకపోయినా, పాట రాకపోయినా తీసుకునేవారు. గొంతు మనం చేసుకోవచ్చు, చెవిని చేసుకోలేం అనేవారు.

ఒక యేడు మేము ఆలూరు తట్టు ఒక ఊరి బడికి వెళ్ళాం. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు వేసి ఉన్నాయి. అక్కడ ఏటా ఆ రోజుల్లో అంతే. జనం సుగ్గికి పోతారు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పిల్లాజెల్లాతో వెళ్ళిపోతారు. బడిలో మిగిలేది అవ్వల దగ్గర వదిలి వెళ్ళిన పిల్లలే. మేము వెళ్ళిన కాసేపటికే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆపమని అడిగే పని తప్పిందని సారు సంతోషించారు. శృతి పెట్టెను బ్యాటరీ సెల్లుల మీద నడుపుతూ మొదలుపెట్టాం.

ఆ మధ్యాహ్నం ఒక్కరూ ఇల్లు చేరలేదు. అందరూ పెట్టె కన్నా కాస్త పైనే తేలుతున్నారు. మామూలుగా అయితే కొందరు పైకి పోతారు, కొందరు కిందికి జారతారు. ఈ ఊరి పిల్లోళ్ళందరికీ ఇల్లు మిద్దె మీదే కట్టినారేమమ్మా అని సారు నాతో పరాచికాలాడారు. నేనూ నవ్వాను.

చివర్లో నాగవేణి వచ్చింది. బక్క పిల్ల, నూనె పెట్టి బిగించిన జడలు, కొలతకు మించిన యూనిఫారం. వెనకాల వాళ్ళ అవ్వ. అమ్మానాన్నలు మిరప కోతల్లో ఉన్నారు. ఈసారి పిల్లను కూడా తీసుకుపోదామనుకున్నారని, ఈ పరీక్ష ఉందని టీచరు బతిమాలితే వదిలిపెట్టారని అవ్వ చెప్పింది. సీటు రాకపోతే వచ్చే వారం ఊరి ఆటోలో గుంటూరు తట్టు పంపించేస్తానంది. పంపిస్తే ఆ పిల్లకు ఆ యేటికి చదువు లేనట్టే. అవ్వ ఇదంతా ఫిర్యాదుగా చెప్పలేదు, ఉన్న సంగతి చెప్పింది.

నాగవేణి పాట ఏదీ రాదంది. మేకలను పిలవమంటే పిలిచింది. సారు ఎడమ కన్ను మూసుకున్నారు. పెట్టె మోగించారు, ఆమె స అంది, ఆపేశారు. మీ మేకలకు పేర్లున్నాయా అని అడిగితే ఒక్కోదాని పేరూ గుణమూ చెప్పుకుంటూ పోయింది. ఒక మేక పొద్దున్నే పక్కింటోళ్ళ సజ్జరొట్టె తిని తన్నులు తిన్న కథ మధ్యలో ఉండగా, ఆ స మళ్ళీ అను అన్నారు సారు. ఆమె ఆగి, అంది. సారు పెట్టె మోగించారు. పెట్టె ఆమె కన్నా కింద ఉంది. ఆయన అరచెయ్యి లేచింది.

చెయ్యి లేచాక పిల్లలు లేచి పెద్దవాళ్ళ వైపు చూస్తారు. ఈ పిల్ల లేవలేదు. పెట్టె వైపే చూస్తూ కూర్చుంది.

"పెట్టె దిగింది సార్," అంది.

అవ్వ నోర్ముయ్యమని వెనక నుంచి వీపు మీద ఒకటి వేసింది. సారు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఏం పాపా అని అడిగారు.

"నేను యాడికీ పోలేదు సార్. ఇందాక యాడుంటినో ఆడనే ఉండా. మీ పెట్టెనే దిగింది."

సారు నా వైపు తిరిగారు. కోపం ఏమీ లేదు. ఏమమ్మా అన్నట్టు చూశారు. పొద్దున కరెంటు ఉండగా ఆ పెట్టెతోనే కలిపి పెట్టుకున్న వయొలిన్ నా ఒళ్ళో ఉంది. కమాను తీసి తీగ మీద ఒక్కసారి లాగాను. తీగ పెట్టె కన్నా పైన, నాగవేణి పక్షాన ఉంది. గదిలో ఉన్న హెడ్మాస్టరుకు తేడా తెలియలేదు. నాకు ముసుగు తీసినట్టు తెలిసిపోయింది.

ఎండకు తీగ లేచి ఉంటుందన్నారు సారు. ఎండకు తీగ సడలుతుంది గానీ బిగుసుకోదని నేనన్నాను. ఆ మాట ఆయనే నాకు నేర్పారు. ఆయన హెడ్మాస్టరుతో కొత్త సెల్లులు తెప్పించమని చెప్పారు. అటెండరు మోటార్ సైకిల్ మీద వెళ్ళాడు. అతను వచ్చేదాకా అవ్వే మాట్లాడింది. మీ బడిలో రోజూ అన్నమేనా, పండక్కి పంపిస్తారా, పిల్లకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని నన్ను వరసగా అడిగింది. నేను జవాబులు చెబుతూనే సారును చూస్తున్నాను. ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని దాని మీద దుమ్ము తుడుస్తున్నారు. దాని మీద దుమ్మేమీ లేదు.

కొత్త సెల్లులు వేసి మోగించగానే పెట్టె పైకి లేచింది. నాగవేణిని ఎవరూ అడగలేదు. అయినా ఆమె దానితో కలిపి స అంది. పెట్టె, పిల్ల, నా తీగ, మూడూ ఒకే చోట ఉన్నాయి. సెల్లులు పాతబడిపోయాయప్పా అని హెడ్మాస్టరుతో అన్నారు సారు. తర్వాత అవ్వ వైపు తిరిగి, పిల్లను గుంటూరు పంపాకు, జూన్‌లో కడపకు తీసుకురా అన్నారు. అంతకుముందు పంపించేసిన పిల్లల్ని మళ్ళీ పిలిపించమన్నారు. ఇంకా బడి ఆవరణలోనే ఉన్నవాళ్ళు వచ్చారు. మళ్ళీ విన్నాం. ఎవరూ ఇల్లు చేరలేదు. ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళ కోసం మరుసటి రోజు కూడా ఆ ఊళ్ళోనే ఉండిపోయి అందర్నీ విన్నారు. ఆ పూటకు వేరే ఊళ్ళో మాకోసం చూస్తున్న హెడ్మాస్టరుకు కోపం వచ్చింది.

సెల్లుల తప్పు సెల్లులదే. కానీ స్టీలు గ్లాసు స్వరం తల తిప్పకుండా చెప్పే మనిషికి, ఒళ్ళో ఉన్న పెట్టె గంటల తరబడి దిగిపోతుంటే ఎందుకు తెలియలేదు? నేను అడగలేదు. తిరుగు దారిలో గుత్తి దాటాక ఆయనే పెట్టె తీసి మోగించి, స అనుకుని, ఆపేశారు. డ్రైవరుతో కాసేపు టైర్ల ధరలు మాట్లాడారు. తర్వాత నన్ను చూసుకొమ్మని చెప్పి తనే స అన్నారు. పిల్లలకు పెట్టే పరీక్ష తనకు తాను పెట్టుకున్నారు. పెట్టె మోగించేదాకా ఆగనక్కర్లేకపోయింది.

"కొంచెం కింద ఉంది సార్," అన్నాను.

ఆయన పెట్టెను సంచీలో పెట్టేశారు. టీ తాగడానికి జీపు ఆపిన చోట, డ్రైవరు దిగి వెళ్ళాక, "ఎవరికీ చెప్పాకమ్మా" అన్నారు. చెప్పనన్నాను. ఆయన మీద నాకు అప్పుడు కలిగినంత జాలి మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా కలగలేదు. జాలి పడుతున్నానని తెలిస్తే ఆయన జీపు దిగి నడిచి వెళ్ళిపోయేవారు.

ఆ తర్వాత కూడా ఊళ్ళు తిరిగాం. ఒక్కటే మారింది. చెయ్యి లేపే ముందు ఆయన నా మొహం చూసేవారు. లేపొచ్చంటే కనురెప్పలు వాల్చేదాన్ని, వద్దంటే చూపు తిప్పుకునేదాన్ని. దీన్ని మేము ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు. బయటివాళ్ళకు అదివరకటి సారే, అదే చెయ్యి. పిల్లలకు అన్యాయం జరగలేదు, అంతవరకు నేను చూసుకున్నాను. ఫ్యాన్లు ఆపించడం, బొరుగులు ముట్టకపోవడం ఆయన మానలేదు. చెవి తగ్గినకొద్దీ ఆ నియమాలు ఇంకా గట్టిపడ్డాయి. ఒకసారి బడి పక్క వీధిలో పెళ్ళి మేళాన్ని కూడా కాసేపు ఆపించారు. పెళ్ళివాళ్ళు కొట్టడానికొచ్చారు.

నాగవేణి జూన్‌లో ఒక గోనెసంచీతో వచ్చి చేరింది. చేరిన కొన్నాళ్ళకే ఒక కొత్త పద్ధతి మొదలైంది. రోజూ పొద్దున పాఠానికి ముందు సారు ఆమెను పిలిచి తంబురా శృతి చెయ్యమనేవారు. పెద్ద తరగతుల పిల్లలుండగా ఆరో తరగతి పిల్లకు తంబురా ఇవ్వడం అందరికీ వింతగా ఉండేది. ఆమెను తన వారసురాలిగా తయారుచేస్తున్నారని కొందరు, గారాబమని కొందరు అనుకున్నారు. ఆమె పైన ఇద్దరు ముగ్గురు పిల్లలకు కుళ్ళు కూడా ఉండేది. నాగవేణి తీగ బిగించి, ఒకసారి మీటి, తల ఊపేది. అప్పుడు ఆయన నోరు తెరిచేవారు. ఆ తల ఊగకుండా ఆయన పాఠం మొదలుపెట్టగా నేను చూడలేదు. వాళ్ళిద్దరూ దాని గురించి ఏమైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. స్టీలు గ్లాసులు మోగించే పిల్లలను మాత్రం, చదువుకోండి పోండి అని కసిరేవారు. పెద్దాయనకు ఓపిక తగ్గిందని వాళ్ళు అనుకున్నారు.

ఆమె పదో తరగతి అయిపోయి కర్నూలు కాలేజీకి వెళ్ళిన యేడే సారు కూడా రిటైరయ్యారు. నాగవేణి గాయని కాలేదు. ఓర్వకల్లు దగ్గర కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. అమ్మానాన్నలు సుగ్గికి పోవడం మానేశారు. ఇంత సంగీతం నేర్పించి ఫ్యాక్టరీకి పంపడానికా ఆ బడి అని వాళ్ళ బంధువు ఒకతను నన్ను నిలదీశాడు. నేను అతనికి కాఫీ ఇచ్చాను.

సారు దినాలకు కడపలో వాళ్ళింటికి వెళ్ళాను. షామియానా కింద చాలామంది ఆయన శిష్యులున్నారు. ఒక్కొక్కరూ ఆ చెయ్యి ఎత్తడాన్ని అనుకరించి చూపిస్తూ నవ్వుకుంటున్నారు, మధ్యలో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాగవేణి ఆలస్యంగా వచ్చింది. పొద్దుటి బస్సుకు బయల్దేరిందట, మెడలో కంపెనీ కార్డు అలాగే ఉంది. ఫోటో దగ్గర పూలు వేసి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, సారు తనకు రోజూ ఫోన్ చేసేవారని చెప్పింది.

నాకు తెలియదు ఆ సంగతి. ఆమె ఫ్యాక్టరీలో చేరిన దగ్గర నుంచి, పొద్దున కంపెనీ బస్సు ఎక్కే వేళకు చేసేవారట. స ఇయ్యి పాపా అనేవారట. బస్సు చప్పుడులో, పక్కన అందరూ చూస్తుండగా, ఆమె ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని స అనేది. మొదట్లో బస్సులో వాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత అలవాటు పడ్డారు. డ్రైవరు ఆ కాస్సేపూ హారన్ కొట్టడం మానేశాడట. అవతల నుంచి సారు దానితో గొంతు కలిపేవారు. కలిసిందా పాపా అని అడిగేవారు. కలిసింది సార్ అని ఆమె చెప్పగానే ఫోన్ పెట్టేసేవారు. ఎట్లున్నావు, తిన్నావా అని కూడా అడిగేవారు కాదట.

చివరి రోజుల్లో ఆయన చెవి ఎలా ఉందో నాకు తెలుసు. నేను వెళ్ళి చూసినప్పుడు గేటు చప్పుడుకూ గిన్నె చప్పుడుకూ తేడా పోల్చుకోలేకపోతున్నారు. అందుకే నాగవేణిని అడిగాను, నిజంగా కలిసేదా అని.

"యాడ కలుస్తాది మేడం," అంది. "మొదట్లో నేనిచ్చిన కాడికి రావల్లని శానా తిప్పలు పడతాండె. రాలేక కిందికి జారిపోతాండె. గొంతులో భయం తెలుస్తాండె నాకు. అది ఇనలేక, ఆయన యాడుంటే ఆడికి నేనే దిగిపోయి, కలిసింది సార్ అంటాంటి."

జీపులో ఆయనతో, కొంచెం కింద ఉంది సార్ అని నేనన్న మాట నాకు గుర్తొచ్చింది. అది నిజమే, అది చెప్పక తప్పదు కూడా. కానీ రోజూ బస్సులో నిలబడి ఈ పిల్ల చేసింది నా వల్ల అయ్యేది కాదు. నాకు దుఃఖం ఆగలేదు. నాగవేణి నా చెయ్యి పట్టుకుని, ఊరుకోండి మేడం అంటూ ఉంది. ఆమె గొంతు ఎంత మెత్తగా ఉందో అప్పుడు విన్నాను.